వారాలబ్బాయి, అతిథి విద్యార్థి



స్పెయిన్ దేశంలో పదిహేను, పదహారేళ్ల బడిపిల్లలు కొందరు కొన్ని వారాలో, ఒక్కోసారి ఏడాది పొడుగునో జర్మనీ వెళ్లి అక్కడి బడిలో చదువుకొని వస్తారు. వాళ్లను హాస్టల్లో పెట్టరు. ఎవరో ఒక జర్మన్ కుటుంబం ఆ పిల్లవాణ్ణి తమ ఇంట్లో ఉంచుకుంటుంది. ఒక మంచం, బట్టలు పెట్టుకోవడానికి ఒక అర, ఇంటి తాళంచెవి ఒకటి ఇస్తారు. ఆ ఇంట్లో వాళ్ల పిల్లలుంటారు, వాళ్ల కుక్క ఉంటుంది, వాళ్ల అలకలు, కోపతాపాలు ఉంటాయి. వాటన్నిటి మధ్యా ఈ పిల్లవాడు జర్మన్ భాష నేర్చుకోవాలి. తరవాత చాలామటుకు ఆ ఇంటి పిల్లో పిల్లవాడో స్పెయిన్ వెళ్లి, వీళ్లింట్లో అలాగే ఉండి వస్తారు.

అలా వెళ్లిన పిల్లవాణ్ణి భాషకంటే ముందు ఆకలి ఇబ్బంది పెడుతుంది. స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనం రెండు దాటాక, రాత్రి భోజనం తొమ్మిది దాటాక. జర్మన్ ఇళ్లల్లో ఎక్కువ చోట్ల సాయంత్రం ఆరున్నర, ఏడయ్యేసరికి నల్లరొట్టె, వెన్న, జున్ను, చల్లటి మాంసం ముక్కలు, ఊరబెట్టిన దోసకాయలు బల్లమీద పెట్టి అందరూ కలిసి తినేస్తారు. చాలా ఇళ్లల్లో ఆ పూట పొయ్యే వెలిగించరు. కొత్తగా వచ్చిన పిల్లవాడికి ఆ వేళకి ఆకలుండదు. మొహమాటానికి రెండు ముక్కలు తిని లేస్తాడు. రాత్రి పదింటికి కడుపు మండుతుంది. వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ తలుపు తీయవచ్చో లేదో తెలియదు, అడగడానికి నోరు రాదు. ఇంటావిడకీ పాపం అదే సందేహం, ఈ పిల్లవాడు సరిగ్గా తిన్నాడా లేదా అని.

ఈ మొహమాటం విజయనగరానికి బాగా తెలుసు. ఈ ప్రసంగం ఆ సంగతి చెప్పడానికే.

ముందు యూరప్ గురించి రెండు మాటలు. రెండు ప్రపంచ యుద్ధాలు చూసిన తరవాత అక్కడి వాళ్లకు ఒక ఆలోచన వచ్చింది. పెద్దలు సంధిపత్రాల మీద సంతకాలు చేసినంత మాత్రాన సరిపోదు, పిల్లలు ఒకరింట ఒకరు అన్నం తినాలి అని. యుద్ధంలో గాయపడినవాళ్లను మోసుకెళ్లిన అమెరికన్ అంబులెన్స్ డ్రైవర్ల సంఘమొకటి 1947లో విద్యార్థుల రాకపోకలు మొదలుపెట్టింది. ఈనాటికీ ఏఎఫ్‌ఎస్ అన్న పేరుతో అది నడుస్తోంది. 1963లో ఫ్రాన్స్, జర్మనీ ఒప్పందం చేసుకొని రెండు దేశాల యువతీయువకుల రాకపోకల కోసం ప్రత్యేకంగా ఒక కార్యాలయమే పెట్టాయి. 1987లో ఎరాస్మస్ పథకం వచ్చింది, అది కాలేజీ విద్యార్థులకు. మొదటి ఏడాది 11 దేశాల నుంచి 3,244 మంది వెళ్లారు. స్పెయిన్, జర్మనీ రెండూ అందులో ఉన్నాయి.

స్పెయిన్, జర్మనీల మధ్య అంతకు ముందే ఇంకో దారి పడింది. 1960లో పశ్చిమ జర్మనీ స్పెయిన్‌తో కూలీల ఒప్పందం చేసుకుంది. స్పెయిన్ పల్లెల నుంచి మనుషులు రైళ్లెక్కి జర్మన్ ఫ్యాక్టరీలకు వెళ్లారు. వాళ్లలో చాలామందికి కంపెనీవాళ్లు కట్టిన వరస గదుల్లో, ఒకదానిమీద ఒకటి వేసిన మంచాలమీద నివాసం. ఏళ్లు గడిచినా జర్మన్ ఇంటి లోపల ఎలా ఉంటుందో చూడనివాళ్లు వాళ్లలో ఎందరో ఉన్నారు. శ్రీకాకుళం శ్రోతలకు ఇది ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు. వలసపోయిన మనిషికి పని దొరుకుతుంది, పడుకోవడానికి చోటు దొరుకుతుంది, ఆ ఊళ్లో ఒక ఇల్లు మాత్రం దొరకదు. ఆ తాతల తరం తరవాత వచ్చిన పిల్లలకు ఆ ఇంటి తలుపు తెరుచుకుంది. అందుకే నాకు ఈ విద్యార్థుల రాకపోకలంటే గౌరవం.

ఇక మన ఊరు.

విజయనగరం మహారాజావారి ఇంగ్లీషు బడి 1857లో పుట్టింది. 1879లో అది కాలేజీ అయింది. సంస్కృత పాఠశాల ఉంది. 1919లో సంగీత కళాశాల వచ్చింది, ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి అధ్యక్షులు. చదువు రాజావారిచ్చారు, బాగానే ఉంది. మరి ఊరుగాని ఊరునుంచి వచ్చిన పేద పిల్లవాడు ఎక్కడ తింటాడు? ఎక్కడ పడుకుంటాడు? ఆ బాధ్యతను ఊరు తీసుకుంది. దాని పేరే వారాలు. ఈనాటి పిల్లలకు తెలియకపోవచ్చు గనక చెబుతున్నాను. ఆ విద్యార్థి ఇల్లిల్లూ తిరిగి తన పరిస్థితి చెప్పుకొని ఏడు ఇళ్లు కుదుర్చుకుంటాడు. సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట, అలా వారమంతా. ఏడూ కుదిరితే అదృష్టవంతుడు. ఐదే కుదిరితే తక్కిన రెండు రోజులూ అటుకులో, మంచినీళ్లో. ఆ పిల్లవాణ్ణి వారాలబ్బాయి అనేవారు.

మా నాయనమ్మ ఇంట్లో బుధవారం ఒక వారాలబ్బాయి వచ్చేవాడు. సంస్కృత కాలేజీలో చదివేవాడు. నేను అప్పటికి బాగా చిన్నదాన్ని, అయినా ఆ భోజనం నాకు కళ్లకు కట్టినట్టుంది. అతను నూతి దగ్గర కాళ్లు కడుక్కొని వచ్చి, విస్తరి ముందు కూర్చొని, తల ఎత్తేవాడు కాదు. మా నాయనమ్మ ఎప్పుడూ "కావాలా?" అని అడిగేది కాదు. అడిగితే ఆ పిల్లవాడు "చాలండీ" అంటాడని ఆవిడకు తెలుసు. అన్నం గిన్నె పట్టుకొని వచ్చి మాట్లాడకుండా వడ్డించేసేది. పనసపొట్టు ఆవపెట్టి చేసిన నాడు కూర రెండోసారి కూడా అలాగే. పెరుగన్నం దగ్గర మాత్రం నిలబడి, అతను మజ్జిగ పోసుకోబోతే చెయ్యి అడ్డంపెట్టి గట్టి పెరుగు వేసేది. తిన్నాక విస్తరి అతనే తీసేవాడు. వెళ్లబోతూ రెండు చేదలు నీళ్లు తోడి గాబులో పోసేవాడు. ఎవరూ చెయ్యమనలేదు, వద్దనీ అనలేదు. వద్దంటే అతనికి మరీ బరువుగా ఉంటుందని నాయనమ్మ అనేది. అన్నం పెట్టడం ఎవరికైనా వస్తుంది. తినేవాడి తల వంగకుండా పెట్టడం కొద్దిమందికే వస్తుంది.

ఆ వారాలబ్బాయిలలో తెలుగు సాహిత్యం ఉంది. గురజాడ అప్పారావుగారు చీపురుపల్లిలో చిన్న చదువు ముగించుకొని విజయనగరం వచ్చినప్పుడు పేద విద్యార్థి, వారాలబ్బాయి. అప్పటి మహారాజా కాలేజీ ప్రిన్సిపాల్ చంద్రశేఖరశాస్త్రిగారు ఆయనకు తమ ఇంట ఉచితంగా వసతి, భోజనం ఇచ్చారు. 1882లో మెట్రిక్యులేషన్, 1884లో ఎఫ్.ఏ. ఆ ఏడే నెలకు ఇరవై అయిదు రూపాయల జీతంమీద మహారాజావారి హైస్కూల్లో ఉపాధ్యాయుడు. ఇంకొకరి ఇంట్లో కూర్చొని తిన్న పిల్లవాడు ఆ ఇంట్లో మాటలన్నీ వింటాడు. వంటింట్లో ఆడవాళ్లు అనుకునే మాట, వీధి అరుగుమీద మగవాళ్లు చెప్పే మాట, పనివాళ్లతో మాట్లాడే మాట, ముసలావిడ విసుక్కునే మాట. ఆయన నాటకం కన్యాశుల్కంలో అంతమంది మనుషులు ఎవరి గొంతుతో వాళ్లు మాట్లాడతారంటే, ఆ చెవి ఎక్కడ తయారైందో నాకు సందేహం లేదు. అందులో గిరీశం సెలవులకు శిష్యుడి వెంట అగ్రహారం చేరి, అన్నం పెట్టిన ఇంట్లో ఎలా మసిలాడో మీకందరికీ తెలుసు. ఆతిథ్యం తిన్న మనిషి రాశాడు గనకనే ఆతిథ్యానికి ద్రోహం చేసినవాడు అంత పచ్చిగా కనిపిస్తాడు.

అదే బడిలో, అదే కాలంలో ఇంకో పిల్లవాడు ఉన్నాడు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టినవాడు, 1875లో తండ్రి పోయాక మేనమామ ఆదరణలో చదువుకున్నవాడు. గిడుగు వెంకట రామమూర్తిగారు. గురజాడవారు, గిడుగువారు సహాధ్యాయులు. ఇద్దరికీ సొంత ఇంటి గడప అందుబాటులో లేదు. గిడుగువారి సంగతికి మళ్లీ వస్తాను, ఈలోగా గాయకుడు ఘంటసాలవారి కథ చెప్పాలి.

ఘంటసాల వెంకటేశ్వరరావుగారు 1922 డిసెంబరు 4న కృష్ణాజిల్లా చౌటపల్లిలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. సంగీతం నేర్చుకోవాలి, నేర్పేవాళ్లు లేరు. దగ్గర ఊళ్లలో విద్వాంసుల ఇళ్లల్లో పనిచేస్తూ నేర్చుకోవచ్చని వెళ్లారు. ఒక ఇంట్లో బట్టలుతకడం వచ్చింది, మరో ఇంట్లో వంట వచ్చింది. పాట మాత్రం రాలేదు. పిల్లవాణ్ణి ఇంట్లో పెట్టుకోవడమంటే అతని చాకిరీ మీద కన్నేయడం కూడా కావచ్చునని ఇక్కడే తెలుస్తుంది. ఈనాటి విద్యార్థుల రాకపోకల్లో సైతం నిర్వాహకులు అన్నిటికంటే జాగ్రత్తగా చూసేది ఈ విషయమే. తన చేతి ఉంగరం నలభై రూపాయలది ఎనిమిది రూపాయలకు అమ్మి ఆయన విజయనగరం బండెక్కారు.

వచ్చేసరికి వేసవి సెలవులు. కాలేజీ మూసి ఉంది. అప్పట్లో ప్రిన్సిపాల్ ద్వారం వెంకటస్వామినాయుడుగారు. ఆయన కూడా ఒకనాడు వయొలిన్ నేర్చుకుందామని విద్యార్థిగా ఈ కళాశాలకు వచ్చి, వాయించి వినిపించేసరికి ఆచార్యుడైపోయిన మనిషి. కాలేజీ ఆవరణలో ఉండడానికి కుర్రవాడికి అనుమతి దొరికింది. వారాలు కుదిరాయి. అంతా ఒక దారిన పడిందనుకుంటుండగా తోటి విద్యార్థులు చేసిన తప్పు ఇతని మెడకు చుట్టుకుంది. కాలేజీ ఆవరణలోంచి పంపేశారు. ఆ మాట ఊళ్లో పాకి, వారాలిచ్చే ఇళ్లవాళ్లు కూడా ఇక రావద్దన్నారు. ఒక్కరోజులో పడక పోయింది, ఏడు ఇళ్లూ పోయాయి. ఎల్లమ్మ గుడిలో తలదాచుకున్నారు.

అక్కడ ఆయన్ని చూసినవారు పట్రాయని సీతారామశాస్త్రిగారు. సాలూరువారు, సంగీత కళాశాలలో గాత్రం చెప్పేవారు. సంగతి తెలుసుకొని, తన ఇంట్లో ఉచితంగా పాఠం చెబుతానన్నారు. అయితే శాస్త్రిగారే పేదవారు. పాఠం పెట్టగలరు, రెండుపూటలా అన్నం పెట్టలేరు. ఊళ్లో ఒక సాధువు ఈ కుర్రవాడికి జోలె కట్టి మధూకరం ఎత్తడం నేర్పాడు. భుజాన జోలెతో వీధివీధీ తిరిగి, గుమ్మం ముందు నిలబడి, వాళ్లు వేసిన నాలుగు మెతుకులు పట్టుకొని మరో గుమ్మానికి. ఒక ఇంటి పప్పన్నం, ఇంకో ఇంటి పులుసన్నం, వేరే ఇంటి మజ్జిగన్నం, అన్నీ ఆ జోలెలోనే కలిసేవి. ఉదయం ఎత్తినదే రాత్రికీ. గుడ్డలో కట్టి దాచుకుంటే చీమలు పట్టేవి. మేనమామ పంపిన డబ్బుతో ఒక డబ్బా కొనుక్కొని అన్నం అందులో దాచుకునేవారు. ఆ గొంతు విన్నప్పుడల్లా నాకు ఈ డబ్బా గుర్తొస్తుంది. తరవాత కళాశాలలో చేరి, నాలుగేళ్ల చదువు రెండేళ్లలో పూర్తి చేశారు.

ఈ కథను మన ఊరి గొప్పగా మాత్రమే చెప్పుకుంటే నాకు మనసొప్పదు. జోలెలో అన్నం వేసినవాళ్లూ విజయనగరంవాళ్లే, నిజమో అబద్ధమో విచారించకుండా వారం మానేసినవాళ్లూ విజయనగరంవాళ్లే. వారాల పద్ధతిలో పిల్లవాడి తరఫున మాట్లాడే మనిషి ఒక్కడూ లేడు. ఇంటావిడకు అనుమానం వస్తే అన్నం ఆగిపోతుంది, అంతే. రోటరీ సంస్థ, ఏఎఫ్‌ఎస్‌లాంటి సంస్థలు విద్యార్థుల్ని పంపేటప్పుడు ఆ ఊళ్లో ఒక పెద్దమనిషిని నియమిస్తాయి. ఆ మనిషి ఆ ఇంటివాడు కాకూడదు. విద్యార్థి కష్టం వినడం, ఇంటివాళ్ల కష్టం వినడం, పొసగకపోతే ఇల్లు మార్చడం ఆయన పని. రోటరీలో ఏడాదికని వచ్చిన పిల్లల్ని ఒకే ఇంట్లో ఉంచకుండా కొన్ని నెలలకొక కుటుంబానికి మార్చడం మామూలు. ఒక దేశాన్ని ఒకే వంటింట్లోంచి చూడకూడదని వాళ్ల ఉద్దేశం. మన వారాలబ్బాయి వారంలో ఏడు వంటిళ్లు చూశాడు. ఆ లాభం మనకు ముందే తెలుసు. లేనిదల్లా ఆ పెద్దమనిషి ఒక్కడే.

ఘంటసాలవారి విషయంలో ఆ లోటు పట్రాయనివారు తీర్చారు. ఆ రుణం ఎలా తీరిందో చూడండి. ఘంటసాలవారు మద్రాసులో స్థిరపడ్డాక, గురువుగారి కుమారుడు పట్రాయని సంగీతరావుగారు అక్కడికి వచ్చి, హార్మోనియం సహకారంతో, సంగీత దర్శకత్వంలో సహాయంతో దశాబ్దాలపాటు ఆయన పక్కనే ఉన్నారు. టి.నగర్ ఉస్మాన్ రోడ్డులోని ఘంటసాలవారి ఇంటి ఆవరణలోనే సంగీతరావుగారి కుటుంబం ఏళ్ల తరబడి కాపురముంది. గురువు ఇంట్లో శిష్యుడు నేర్చుకున్నాడు, శిష్యుడి ఇంట్లో గురుపుత్రుడి పిల్లలు పెరిగారు. జర్మన్ కుర్రవాడు తిరిగి స్పెయిన్ ఇంటికి వెళ్లినట్టుగానే ఇదీ, కాకపోతే మధ్యలో ఒక తరం గడిచింది.

వారాల గురించి ఇంకొక నిజం కూడా చెప్పాలి. ఆ ఏడు ఇళ్లూ ఒక్క కులంవాళ్ల ఇళ్లు. పిల్లవాడు కృష్ణాజిల్లా నుంచి వచ్చినా, గంజాం నుంచి వచ్చినా అతని గోత్రం తెలుసుకున్నాకే విస్తరి వేసేవారు. పక్క వీధి పిల్లవాడు వేరే కులంవాడైతే ఆకలితో ఉన్నా ఆ గడప లోపలికి రాలేడు. కొండమీది సవర పిల్లవాడి ఊసే లేదు. అంత దూరం నుంచి వచ్చిన అపరిచితుడికి అన్నం పెట్టిన ఇల్లు, కనుచూపు మేరలో ఉన్న కొండ ఊరి పిల్లవాణ్ణి చూడలేదు.

ఆ గడప దాటించినవారు గిడుగువారు. విజయనగరంలో చదివి, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఈరోజు పర్లాకిమిడి ఒడిశాలో ఉంది గాని, పాతపట్నం దాటితే వచ్చే ఊరే. అక్కడి కొండల్లో సవరలుంటారు. వాళ్ల భాష తెలుగుకీ ఒడియాకీ సంబంధం లేనిది. ముండా భాషల కుటుంబంలోది, సంతాలీకి చుట్టం, ఇంకా దూరం పోతే కంబోడియా ఖ్మేర్ భాషకు దూరపు చుట్టం. సంతకి దిగివచ్చిన సవరల్ని ఊళ్లోవాళ్లు తూకంలో మోసం చేయడానికి కావలసినంత భాష మాత్రం నేర్చుకునేవారు. గిడుగువారు వాళ్లకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలనుకున్నారు. ఆ భాషకు పుస్తకం లేదు, వ్యాకరణం లేదు, నేర్పే బడి లేదు. ఆయన చేసిన పని ఏమిటంటే, సవర, తెలుగు రెండూ మాట్లాడగల మనిషిని తన ఇంట్లోనే పెట్టుకున్నారు. ఆ మనిషికి అన్నం పెట్టి, అతని దగ్గర పాఠం చెప్పించుకున్నారు. అలా ఒక ఏడు కాదు, ఏళ్ల తరబడి.

ఎలా నేర్చుకుని ఉంటారో ఊహించండి. సవరలో గొంతు దగ్గర చటుక్కున ఆగిపోయే ధ్వని ఒకటుంది. మన అక్షరాల్లో దానికి చోటులేదు. పుస్తకంలో చదివితే రాదు. ఆ మనిషి మాట్లాడుతుండగా పక్కన కూర్చొని, మళ్లీ మళ్లీ అనిపించుకొని, తను అని, తప్పయితే ఆయన నవ్వితే, మళ్లీ అనాలి. ఇంటి పెద్ద శిష్యుడయ్యాడు, ఇంటికొచ్చినవాడు గురువయ్యాడు. మన వారాల కథల్లో ఎక్కడా లేని మలుపు ఇది. అన్నం పెట్టేవాడిదే పైచెయ్యి అన్న లెక్క ఆ ఇంట్లో తలకిందులైంది. జర్మన్ కుటుంబానికీ స్పెయిన్ పిల్లవాడికీ మధ్య ఈ మలుపు ఎప్పుడు వస్తుందో ఆరోజే అతను అతిథి కాకుండా పోతాడు. అంతవరకూ ఇంటివాళ్లు అతని తప్పులు దిద్దుతూ ఉంటారు. ఒకనాడు వాళ్లే అతని భాషలో ఒక మాట పలకబోయి నోరు తిరక్క, అతని చేత దిద్దించుకుంటారు.

గిడుగువారు సవరలో పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు, పంతుళ్లకు జీతాలిచ్చారు. మద్రాసు ప్రభుత్వం 1913లో ఆయనకు బిరుదిచ్చింది. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది, 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. ఆ కొండల్లో తిరిగి తిరిగి ఆయనకు మలేరియా పట్టింది. దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. చెవితో ఒక భాషను గెలుచుకున్న మనిషికి ఆ పనిలోనే చెవి పోయింది. ఇది తలుచుకుంటే నాకు బాధ, ఆ వెంటనే ఆయనంటే భక్తి కలుగుతాయి.

వ్యావహారిక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ పోరాటానికి మూలం కూడా పర్లాకిమిడిలోని ఆ ఇల్లేనని నా నమ్మకం. గ్రంథం లేని భాషకు మనిషి నోరే ప్రమాణమని సవర ఆయనకు నేర్పింది. ఆ చెవితో తిరిగి తెలుగును వింటే, జనం మాట్లాడే తెలుగులో తప్పు ఎక్కడా కనబడలేదు. 1936లో పర్లాకిమిడి కొత్త ఒరిస్సా రాష్ట్రంలో చేరినప్పుడు ఆయన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. అప్పటికే ఆ ఇల్లు చేయవలసిన పని చేసేసింది.

ఈనాటి సంగతి. మన ప్రాంతం పిల్లలు ఇప్పుడు జర్మనీ కూడా వెళ్తున్నారు. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలా చోట్ల ట్యూషన్ ఫీజు లేకపోవడం అందుకు ఒక కారణం. వెళ్లినవాళ్లు నలుగురు తెలుగు పిల్లలతో కలిసి ఒక ఫ్లాట్ తీసుకొని, చారూ కూరా వండుకొని, తెలుగులోనే మాట్లాడుకుంటూ రెండేళ్లు గడిపేస్తారు. తప్పుపట్టను, ఖర్చు కలిసొస్తుంది, బెంగ తగ్గుతుంది. అయితే చదువయ్యాక ఉద్యోగం దగ్గర ఆ భాష కావలసి వస్తుంది. నా సలహా ఒకటే. మొదటి ఆరునెలలైనా ఒక జర్మన్ కుటుంబం ఇంట్లో గది అద్దెకు దొరుకుతుందేమో వెతకండి. ఆదివారం చప్పుడు చేయకూడదు, చెత్త నాలుగు రకాలుగా వేరుచేయాలి, చెప్పిన టైముకి అయిదు నిమిషాలు ముందుండాలి. ఇవన్నీ విసుగనిపిస్తాయి. కానీ భాష అక్కడే, గిన్నెలు తుడిచే గుడ్డ చేతిలో పట్టుకొని సింకు పక్కన నిలబడినప్పుడే వస్తుంది. రాత్రి ఆకలేస్తే అడగండి. అడిగితే వాళ్లు సంతోషిస్తారు.

వెళ్లేవాళ్ల సంగతి అదైతే, వచ్చేవాళ్లు? విజయనగరంలో 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం మొదలైంది. 2022లో వచ్చిన సాంకేతిక విశ్వవిద్యాలయానికి గురజాడవారి పేరే పెట్టుకున్నాం. శ్రీకాకుళం పక్కన ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది, ట్రిపుల్ ఐటీ ఉంది. వాటిలో సీతంపేట కొండల పిల్లలున్నారు, పాడేరు పిల్లలున్నారు, వేరే రాష్ట్రాల పిల్లలూ ఉన్నారు. వాళ్లకు ఇవాళ హాస్టలు ఉంది, మెస్సు ఉంది. జోలె కట్టవలసిన అవసరం లేదు, అది చాలా మంచి మార్పు. కానీ ఏళ్లపాటు మన ఊళ్లో ఉండి చదువుకొని, మన ఇళ్లల్లో ఒక్కదాని లోపలా అడుగుపెట్టకుండా వెళ్లిపోయే పిల్లలు వాళ్లలో ఎంతమందో! ఆనాడు గురజాడవారికి అన్నం పెట్టిన ఊరు అలా ఉండకూడదు.

మళ్లీ ఒక వారం మొదలుపెడదాం. ఆదివారం ఒక్కపూట చాలు. ఒక ఇల్లు, ఒక విద్యార్థి, లేదా స్నేహితులైన ఇద్దరు విద్యార్థినులు. హాస్టల్ వార్డెన్‌కు చెప్పి, ఇంటివాళ్లు కాని ఒక మాస్టారినో టీచరమ్మనో మధ్యలో పెట్టుకోండి, ఎవరికే ఇబ్బంది వచ్చినా ఆ మనిషికి చెప్పుకోవచ్చు. వచ్చిన పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి కొండల గురించి పరీక్షలో అడిగినట్టు అడగకండి. వంటింట్లోకి రానివ్వండి. కూరగాయలు తరుగుతానంటే తరగనివ్వండి. నెలకొక ఆదివారం ఆ పిల్లే వండుతుంది, మీరు తినండి. సామలో, కొర్రలో, ఆ పిల్ల ఇంట్లో వండే తీరులో వండమనండి. మీ పిల్లలకు ఆ భాషలో అంకెలైనా నేర్పించమనండి. భోజనం దగ్గర మా నాయనమ్మ పద్ధతి మరిచిపోకండి, అడక్కుండా వడ్డించండి.

మా వీధిలో ఈ మాట ఎత్తాను. రెండు ఇళ్లవాళ్లు వెంటనే సరేనన్నారు. ఒకాయన, ఒంటరిగా ఉండే రిటైర్డ్ ఉద్యోగి, తనకు వంట రాదు గాని పిల్లలు వచ్చి వండుకుంటే సామాన్లన్నీ తెస్తానన్నారు. మూడో ఇంటావిడ మంచి మనిషి, పండక్కి నాలుగు వీధులకు అరిసెలు పంచే మనిషి. ఆవిడ మొదట అడిగిన ప్రశ్న, "ఎవరి పిల్లలండీ?" అని. ఎవరి పిల్లలో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. గిడుగువారి ఇంటి సంగతి చెప్పాను, శ్రద్ధగానే విన్నారు. "ఆలోచించి చెబుతాను, అత్తగారున్నారు కదా" అన్నారు. ఆ అత్తగారు తొంభై ఏళ్ల ఆవిడ. ఒకప్పుడు ఆవిడ చేతి అన్నం తిన్న వారాలబ్బాయిలు ఈ ఊళ్లో చాలామంది. వచ్చేవారం వెళ్లి ఈసారి ఆవిడతోనే మాట్లాడతాను.